బక్కమనిషి కొవ్వు

భవితకు ఇరవై ఆరేళ్ళు. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే ముత్తయ్యకు ఒక్కతే కూతురు. జవహర్‌నగర్ దగ్గరి ఇంజనీరింగు కాలేజీలో, గాలి చెత్తకుప్పల వైపు నుంచి వీచిన రోజున కిటికీలన్నీ మూసుకుని చెమటలు కక్కుతూ, నాలుగేళ్ళు చదువుకుంది. తర్వాత సుచిత్ర దాటాక మేడ్చల్ రోడ్డు మీద ఉన్న ఒక స్కానింగు సెంటరులో ఉద్యోగానికి కుదిరింది. మిషను నడపడం ఆమె పని కాదు. మిషను కొలిచి ఇచ్చిన అంకెలను బొమ్మలుగా మార్చే ప్రోగ్రాములు రాయడం ఆమె పని.

ఆ సెంటరు పెద్ద డాక్టరు పద్మలతకు ఒకటే పట్టుదల. మనిషి కాలేయంలో ఎంత కొవ్వు చేరిందో సూది గుచ్చి ముక్క తీయకుండానే తెలియాలి. ఎం.ఆర్.ఐ. మిషనుకు ఆ శక్తి ఉంది. అంత పెద్ద అయస్కాంతంలో కొవ్వూ నీళ్ళూ ఒకే తీరుగా మోగవు, రెంటికీ వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ఆ తేడాను పట్టుకుంటే ఎక్కడ ఎంత కొవ్వుందో నూటికి ఇంతని లెక్క తేలుతుంది. చిక్కంతా టైముతోనే. కాలేయం ఊపిరితోపాటు పైకీ కిందికీ కదులుతుంది, కదిలితే బొమ్మ చెదిరిపోతుంది. పూర్తి కొలతకు డెబ్బై నాలుగు సెకన్లు పడుతుంది. అంతసేపు ఊపిరి బిగబట్టే రోగి ఎక్కడా ఉండడు. పోనీ నాలుగు విడతలుగా తీద్దామంటే, ఒక్కో ఊపిరికి కాలేయం ఒక్కో చోట ఆగుతుంది, ముక్కలు ఒకదానికొకటి అతకవు.

భవిత ఏడాదిన్నరగా ఈ చిక్కు మీదే కూర్చుంది. మిషను బొమ్మను గీత తర్వాత గీతగా కొలుస్తుంది, ఆమె రాసిన ప్రోగ్రాంలో నాలుగు గీతలకు ఒక గీతే కొలుస్తుంది. పొట్ట చుట్టూ అమర్చిన ఎనిమిది యాంటెన్నాలు తలా ఒక వైపు నుంచి పట్టిన సంకేతాలను పోల్చి చూసి, మిగిలిన మూడు గీతలనూ కంప్యూటరు పూరించుకుంటుంది. పందొమ్మిది సెకన్లలో పని ముగుస్తుంది. సీసాల్లో పల్లినూనె, నీళ్ళు రకరకాల పాళ్ళలో కలిపి పెట్టి చూశారు. అన్నిటికీ సరైన అంకే చెప్పింది. కానీ సీసా ఊపిరి తీయదు. మనిషి విషయంలో కంప్యూటరు పూరించింది నిజమో, దాని సొంత కల్పనో తేలాలంటే ఒక్క మనిషినైనా ఒకే ఊపిరిలో డెబ్బై నాలుగు సెకన్లూ కొలవాలి. ఆ బొమ్మనూ, పందొమ్మిది సెకన్ల బొమ్మనూ పక్కపక్కన పెట్టుకోవాలి.

పద్మలత తానే పడుకుని చూసింది. ఇరవై ఎనిమిది సెకన్లకే ఆమె వల్ల కాలేదు. మిషను నడిపే రవీందర్ క్రికెట్ ఆడే మనిషి, నలభై ఒక్క సెకన్లు ఆపి, మొహమంతా ఎర్రబడి దగ్గుకుంటూ లేచాడు.

"డెబ్బై నాలుగంటే మనిషితోని అయ్యే పని కాదు మేడమ్," అన్నాడు.

"మా బాపుతోని అయితది," అంది భవిత.

2008 ఫిబ్రవరిలో ఒక శనివారం మాట అది. మరునాడు ఆదివారం, సెంటరుకు సెలవు, మిషను ఖాళీ. భవిత ఆ మధ్యాహ్నమే ఇంటికి పోయింది.

ముత్తయ్య చెరువుగట్టున కూర్చుని వలకు పట్టిన నాచు దులుపుతున్నాడు. యాభై ఒక్కేళ్ళ మనిషి. యాభై కిలోలు దాటడు. చొక్కా విప్పితే పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. నీళ్ళలో మునిగిన తుమ్మమొద్దులకు వల చిక్కుకున్నప్పుడు చేపల సొసైటీ వాళ్ళందరూ పిలిచేది అతన్నే. లోపలికి దిగాడంటే ఒకటిన్నర నిమిషం దాకా పైకి రాడు. కొత్తగా చూసేవాళ్ళు గట్టు మీద కంగారుపడుతుంటారు.

కూతురు చెప్పిందంతా విని, "ఊపిరి పట్టుడేనా పని? గింత దానికి గంత మిషన్ ఎందుకు బిడ్డా?" అన్నాడు.

"నీ ఊపిరితోని నేను రాసింది నిజమా కాదా తెలుస్తది బాపు."

"అయితే వస్త."

తల్లి ఐలమ్మకు ఇది నచ్చలేదు. ఏ రోగమూ లేని మనిషిని దవాఖానకు తీసుకుపోవడమేమిటని గొణిగింది. అప్పుడే ఆమె అక్క ఇందిరమ్మ చేపల గంప దించి వచ్చింది. మేడ్చల్‌లో చేపలమ్మే మనిషి, తొంభై నాలుగు కిలోలు ఉంటుంది. ఆటోలో ఆమె ఎక్కితే ఇద్దరి జాగా అయిపోతుందని డ్రైవర్లు వెక్కిరిస్తుంటారు. ఆ ఒంటికి ఇవాళ కాకపోతే రేపు షుగరో, గుండెజబ్బో వస్తుందని బంధువులంతా ఆమె ముందే చెప్పుకుంటుంటారు.

"ఒంట్ల కొవ్వు జూసే మిషనైతే నన్ను గదా తీస్కపోవాలె," అంది ఇందిరమ్మ. "గీ బక్కోనిల ఏం దొరుకుతది?"

భవిత నవ్వింది. కానీ ఆలోచిస్తే అది మంచి మాటే. ఒక బక్కమనిషినీ ఒక లావుమనిషినీ ఒకే రోజు కొలిస్తే తన ప్రోగ్రాం సత్తా ఇంకా బాగా తేలుతుంది. "నువ్వు గూడ రా పెద్దమ్మా," అంది.

ఆదివారం పొద్దున అల్వాల్ దాకా బస్సులో, అక్కడినుంచి ఆటోలో ముగ్గురూ సుచిత్ర చేరారు. పద్మలత అప్పటికే వచ్చి ఉంది. ఒప్పుదల కాగితాన్ని భవిత వాళ్ళిద్దరికీ తెలుగులో చదివి వినిపించింది. ఇద్దరూ వేలిముద్రలు వేశారు.

రవీందర్ తన పని మొదలుపెట్టాడు. "ఒంటి మీద ఇనుమేమన్న ఉన్నదా కాకా? ఎప్పుడన్న గాలం ముక్క ఒంట్ల ఇరిగిందా?"

గాలం ముక్కలు లేవు. కానీ మొలతాడుకు ఇనుప తాయెత్తు ఉంది. మొలతాడు తీసి పెట్టమన్నాడు రవీందర్. ముత్తయ్య మొహం గంభీరమైంది.

"మా ఆడది సల్లగుండంగ మొలతాడు తీసుడేంది? నేను తియ్య."

చివరికి భవిత తాయెత్తును మటుకు కత్తిరించి, కాగితంలో చుట్టి తన బ్యాగులో పెట్టుకుంది. తాడు అలాగే ఉండిపోయింది.

ముందు పందొమ్మిది సెకన్ల కొలత. ముత్తయ్య చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో రబ్బరు బంతి. భయమేస్తే బంతి నొక్కమన్నారు. అద్దం ఇవతలి గదిలోంచి రవీందర్ మైకులో చెప్పాడు. ముత్తయ్య గుండెల నిండా గాలి పీల్చి కదలకుండా పడుకున్నాడు. మిషను టకటకలాడి ఆగింది.

తర్వాత అసలు కొలత. భవిత గడియారం వైపు చూస్తూ నిలబడింది. ముప్పై సెకన్లు. నలభై. రవీందర్ దగ్గిన చోటు దాటిపోయింది. అరవై. తెర మీద ముత్తయ్య ఊపిరిని చూపే గీత సూదితో గీసినట్టు తిన్నగా సాగుతూనే ఉంది. డెబ్బై నాలుగు.

"ఇగ ఇడువు కాకా," అన్నాడు రవీందర్, తానే అలసిపోయినట్టుగా.

స్పీకరులోంచి ముత్తయ్య గొంతు వినిపించింది. "అయిపోయిందా? ఇంక జరసేపు ఉండేటోన్ని."

ముగ్గురూ నవ్వుకున్నారు. ఆ నవ్వు ఇంకా సద్దుమణగకముందే తెర మీద మొదటి బొమ్మ, పందొమ్మిది సెకన్లది, వచ్చింది.

ఆరోగ్యంగా ఉన్న కాలేయం ఆ బొమ్మలో నల్లటి నీలంగా కనిపించాలి. ముత్తయ్య కాలేయం పసుపుగా వచ్చింది. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒకటే పసుపు. భవిత మౌసుతో చుట్టి అంకె చూసింది. నూటికి అయిదు దాటితేనే ఎక్కువ అంటారు. అక్కడ ఇరవై ఏడు ఉంది.

ఆమెకు భయమేసింది. తండ్రి గురించి కాదు. ఏడాదిన్నర పని బూడిదయిందని.

"తప్పొచ్చింది మేడమ్," అంది. "పూరించే దగ్గర ఎక్కడో తప్పుంది. పొట్ట మీది కొవ్వు బొమ్మలో మడతపడి కాలేయం మీదికి వచ్చినట్టుంది."

రవీందర్ తెర మీదికి వంగి చూశాడు. "పొట్ట మీది కొవ్వా? యాడున్నది భవితా?"

నిజమే. చర్మం కింద కొవ్వు తెల్లటి దారంపోగు మందాన ఉంది, అంతే. మడతపడి మీద పడడానికి అసలు అక్కడ కొవ్వే లేదు. భవిత డెబ్బై నాలుగు సెకన్ల కొలతను తెరిచింది. దాంట్లో కంప్యూటరు పూరించింది ఏమీ లేదు, ప్రతి గీతా మిషను కొలిచిందే.

అదే పసుపు. ఇరవై ఎనిమిది.

భవిత రాసింది తప్పు కాదు. ఇంతకాలం ఎదురుచూసిన రుజువు కళ్ళముందు ఉంది. అద్దానికి అవతల తండ్రి బల్ల మీద లేచి కూర్చుని, బొత్తాలు పెట్టుకుంటూ కూతురు వైపు చూసి తల ఊపాడు, పని బాగా చేశాను కదా అన్నట్టు.

"ఆమెను కూడా చూద్దాం," అంది పద్మలత మెల్లగా.

ఇందిరమ్మ ఆ సొరంగంలో ఇరుక్కుంటానని భయపడింది కానీ పట్టింది. ఊపిరి సరిగ్గా ఇరవై సెకన్లు ఆపగలిగింది. పాత పద్ధతిలో అయితే ఆమెను కొలవడం సాధ్యమయ్యేదే కాదు. బొమ్మ వచ్చింది. చర్మం కింద మూడు వేళ్ళ మందాన కొవ్వు, తెల్లగా దుప్పటి చుట్టినట్టు. ఆ దుప్పటి లోపల నల్లటి నీలంగా, శుభ్రంగా, కాలేయం. నూటికి మూడు.

రవీందర్ ఫైళ్ళ పేర్లు తారుమారయ్యాయేమోనని రెండుసార్లు చూశాడు. భవిత మూడోసారి చూసింది. తారుమారు కావడానికి ఏముంది? ఒంటి ఆకారమే చెబుతోంది ఎవరిది ఏదో. అయినా ఇద్దరినీ మళ్ళీ పడుకోబెట్టారు. ఇరవై ఏడు. మూడు.

పద్మలత భవితను పక్కకు పిలిచింది. "మీ నాన్నగారు రోజుకు ఎంత తాగుతారు?"

"తాగరు మేడమ్. మానేసి పదకొండేళ్ళయింది."

"ఇంట్లోవాళ్ళందరూ అలాగే చెబుతారమ్మా," అంది పద్మలత. వెక్కిరింపుగా అనలేదు, చాలామందిని చూసిన డాక్టరు అలవాటుగా అంది. "ఇంత బక్క మనిషికి ఇంత కొవ్వు పట్టిందంటే నేను ముందు అడిగేది అదే. ఒకసారి మెల్లగా కనుక్కో. రేపు పొద్దున పరగడుపున రక్తం ఇవ్వడానికి తీసుకురా."

తిరుగు దారంతా పక్కన ఇందిరమ్మ, తన కాలేయం బాగుందని తెలిసి, సంబరంగా అందరికీ చెప్పవలసిన మాటలు కూడబలుక్కుంటోంది. భవితకు ఏదీ వినిపించడం లేదు. పదకొండేళ్ళ కిందట బాబాయి గాలయ్య తాగి పుట్టిలో చెరువు మీదికి పోయాడు, మళ్ళీ రాలేదు. నీళ్ళలో దిగి శవాన్ని పైకి తెచ్చింది ముత్తయ్యే. తడిబట్టలతోనే గట్టు మీద కూర్చుని, ఇక కల్లు ముట్టనని తమ్ముడి తల మీద చేయి పెట్టి ఒట్టు వేశాడు. పదిహేనేళ్ళ భవిత దాన్ని కళ్ళారా చూసింది. ఆ ఒట్టు అబద్ధమా? అబద్ధం కాకపోతే ఆ పసుపు ఎక్కడినుంచి వచ్చింది?

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. ఐలమ్మ అన్నం పెట్టింది. ముత్తయ్య మొదటి ముద్ద కలుపుతుండగా భవిత అడిగేసింది.

"బాపు, నిజం జెప్పు. తాగుతున్నవా?"

ముత్తయ్య చేయి ఆగింది. "ఏమన్నవ్?"

"నీ కార్జంల మస్తు కొవ్వున్నది. తాగెటోళ్ళకే గట్ల ఉంటదని మేడమ్ అంటాంది. రేపు రక్తమియ్యాలన్నది. మిషన్ రెండుసార్లు జూసింది బాపు. మిషన్ అబద్ధం జెప్పది."

ఐలమ్మ చేతిలోని గరిటె గిన్నెలో జారిపడింది. ఆమె మొగుడి మొహంలోకి చూసింది. "గాలయ్య మీద ఒట్టేసినవ్ గదా," అంది.

ముత్తయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. నడుస్తూ నడుస్తూ గుంటలో కాలుపడ్డ మనిషి చూపు అది. పళ్ళెంలోనే చేయి కడుక్కుని లేచాడు. చొక్కా వేసుకుని చెరువు వైపు వెళ్ళిపోయాడు. అన్నం అలాగే ఉంది.

భవితకు ఆ పూట కూర్చోబుద్ధి కాలేదు. గంట తర్వాత చెప్పులేసుకుని నేరుగా కల్లు కాంపౌండుకు పోయింది. బల్లల మీద కూర్చున్న మగవాళ్ళు మాటలు ఆపి చూశారు. చదువుకున్న ఆడపిల్ల అక్కడ అడుగుపెట్టడం ఎవరూ చూసి ఉండరు. కాంపౌండు నడిపే అంజయ్య సీసాలు పక్కన పెట్టి గబగబా ఎదురొచ్చాడు.

"ఏమైంది బిడ్డా? మీ బాపు మంచిగున్నడా?"

"మా బాపు ఈడికి వస్తడా అంజయ్య మామా? నా మీద ఒట్టు, దాసకుండ జెప్పు."

అంజయ్య విస్తుపోయాడు. "ముత్తయ్యనా? గాలయ్య పోయిన కాడికెళ్ళి ఈ గడప తొక్కలే. పండుగకు నేను పిలిచినా రాలే. ఈడ కూసున్నోళ్ళను అడుగు. ఎవలు జెప్పిన్రు నీకు తాగుతడని?"

బల్లల మీదివాళ్ళు అవునన్నట్టు తలలు ఊపుతున్నారు.

"కల్లు యాద్కొచ్చినప్పుడల్లా బస్టాండ్ కాడ చాయ్ తాగుతడు," అన్నాడు అంజయ్య. "గదే ఆయన నిషా ఇప్పుడు."

బస్టాండు ఎదురుగా కరీంనగర్ రోడ్డు మీద చాయ్ కొట్టు ఉంది. కొట్టు నడిపే మనోరమ ముత్తయ్య పేరు వినగానే నవ్వింది. రోజుకు పన్నెండు, పదమూడు చాయ్‌లట. ఒక్కోదాంట్లో మూడు చెంచాల చక్కెర. తక్కువేస్తే తిరిగి పంపిస్తాడట. "తీపి లేకుంటే మనసు అటు గుంజుతదంటడు," అంది ఆమె.

భవిత చాయ్ కొట్టు బల్ల మీద కూలబడింది. కూతురై ఉండి, ఒకే ఇంట్లో ఉండి, తండ్రి రోజుకు పదమూడు చాయ్‌లు తాగుతాడని ఆమెకు తెలియదు. ఏ తండ్రి ఊపిరిని నమ్మి మిషను దగ్గరికి తీసుకుపోయిందో, ఆ తండ్రి మాటను నమ్మలేదు. తనమీద తనకే జుగుప్స కలిగింది.

ఆమె చెరువు దగ్గరికి పోయేసరికి ముత్తయ్య పుట్టిని ఒడ్డుకు లాగుతున్నాడు. భవిత ఒక పక్క పట్టుకుంది. ఇద్దరూ లాగి బోర్లించారు.

"అంజయ్య మామను అడిగొచ్చిన," అంది. "తప్పు జేసిన బాపు."

ముత్తయ్య నీళ్ళవైపు చూస్తూ అన్నాడు. "గాలిగాన్ని నేనే బయటికి దీసిన. జుట్టు పట్టుకొని గుంజుకొచ్చిన. గా సేతులతోని మల్ల కల్లు ముంత పడుతనా? వేరేటోళ్ళు అడిగితే నాకు గింత బాధ గాదు బిడ్డా."

భవిత ఏడ్చింది. ముత్తయ్య ఓదార్చలేదు. వద్దని కూడా అనలేదు. ఆమె ఏడుపు ఆగేదాకా పక్కనే నిలబడి, "రేపు రక్తమియ్యాలంటివి గదా, ఎన్నింటికి పోవాలె?" అని మటుకు అడిగాడు.

సోమవారం ఐలమ్మ కూడా వెంట వచ్చింది. పరగడుపున తీసిన రక్తంలో షుగరు రెండు వందల ముప్పై ఆరు ఉంది. ల్యాబులో రెండో సీసాతో మళ్ళీ చూశారు, అంతే వచ్చింది. ఏడాదిగా కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని, నీళ్ళలో నానే కాళ్ళకు అది మామూలే అనుకున్నానని ముత్తయ్య అప్పుడు చెప్పాడు. కిందటి నెల మడమకు ముల్లు గుచ్చుకుంటే తెలియనే లేదట. ఐలమ్మ వంగి ఆ మడమ చూసి నిర్ఘాంతపోయింది. పుండు ఇంకా పచ్చిగా ఉంది. పక్కలో పడుకునే మనిషి పుండు నెలరోజులుగా తన కంటపడలేదు.

పద్మలత తన కుర్చీ ముత్తయ్య పక్కకు జరుపుకుని కూర్చుంది. "మీ మీద అనుమానపడింది నేను. మీ అమ్మాయి కాదు. తప్పు నాది," అంది. తర్వాత నెమ్మదిగా వివరించింది. అందరి ఒళ్ళూ కొవ్వును ఒకేచోట దాచుకోవు. ఇందిరమ్మ ఒళ్ళు దాన్ని చర్మం కింద దాచుకుంది. ముత్తయ్య ఒంటికి చర్మం కింద దాచుకునే గుణం తక్కువ, తిన్న అన్నంలో, తాగిన చక్కెరలో మిగిలిందంతా కాలేయంలోకి పోయి చేరింది. మన దేశంలో బక్కగా ఉండేవాళ్ళలో ఇలాంటివాళ్ళు చాలామంది ఉంటారని డాక్టర్లు ఇప్పుడిప్పుడే గట్టిగా చెబుతున్నారట.

"అంటే లావున్న మా వదినకు ఏం లేదు, నాకున్నది," అన్నాడు ముత్తయ్య. ఆ మాట తనకే నమ్మశక్యం కానట్టు మళ్ళీ ఒకసారి అన్నాడు. "లావున్నామెకు ఏం లేదు."

"ఆమె మోకాళ్ళకూ గుండెకూ ఆ బరువు మంచిది కాదు. కానీ ఆమె కాలేయం మీకన్నా శుభ్రంగా ఉంది."

ఐలమ్మ అక్క గురించి ఇన్నేళ్ళూ అందరితోపాటు తానూ అన్న మాటలు గుర్తొచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ముత్తయ్యకు మాత్రలు మొదలయ్యాయి. మడమ పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. ఇంకొన్నాళ్ళు తెలియకుండా ఉంటే కాలు పోయేదని పుండుకు కట్టు కట్టిన డాక్టరు అన్నాడు. చాయ్ మానడం కల్లు మానినంత కష్టమయింది. మొదటి వారం చేతులు వణికాయి, ఇంట్లో అందరి మీదా విసుక్కున్నాడు. మనోరమ కొట్టులో అతని కోసం చక్కెర లేని చాయ్ విడిగా పెట్టడం మొదలుపెట్టింది. రోజుకు రెండే. అన్నం సగానికి తగ్గించి ఐలమ్మ జొన్నరొట్టె చేసింది. నవంబరులో మళ్ళీ పందొమ్మిది సెకన్లు ఊపిరి పట్టించారు. పన్నెండుకు దిగింది. భవితతో మాటలు ఎప్పటిలాగే నడుస్తున్నాయి కానీ, ఆ ఆదివారం ఊసు మటుకు ఇద్దరిలో ఎవరూ ఎత్తరు.

మిగతా జాలరుల సంగతేమిటని పద్మలతే అడిగింది. పాత పద్ధతిలో అయితే ఆ ప్రశ్న అడగడానికే వీలుండేది కాదు. ఇప్పుడు మనిషికి పందొమ్మిది సెకన్లు, పడుకోబెట్టి లేపడానికి అయిదు నిమిషాలు. 2009 జనవరిలో ఒక ఆదివారం శామీర్‌పేట చేపల సొసైటీ నుంచి ఇరవై రెండు మంది డీసీఎం వ్యానులో వచ్చారు. అందరూ ఎండలో ఎండిన కట్టెల్లాంటి మనుషులు. వాళ్ళను తీసుకొచ్చింది ముత్తయ్యే.

సాయంత్రం నాలుగింటికి అందరి అంకెలూ భవిత ముందున్నాయి. పదమూడు మందికి బాగానే ఉంది. తొమ్మిది మందికి పది దాటింది. అన్నిటికన్నా పెద్ద అంకె మల్లేశంది. ఇరవై నాలుగేళ్ళు, పెళ్ళయి ఆరు నెలలు. చెరువును ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఈదుతాడు. ముప్పై నాలుగు.

భవిత ఆ అంకెను చూస్తూ కూర్చుండిపోయింది. రవీందర్ వచ్చి చూసి, తన కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

చెప్పే పని ముత్తయ్య తీసుకున్నాడు. బయట మెట్ల మీద కూర్చున్న మల్లేశం పక్కన కూర్చుని, "నాకు ఇరవై ఏడు వచ్చింది గదా, నీకు ముప్పై నాలుగు వచ్చిందిరా," అన్నాడు.

మల్లేశం ముందు నవ్వాడు. ఎవరూ నవ్వకపోవడం చూసి ఆగాడు. గుమ్మంలో నిలబడ్డ భవిత వైపు తిరిగాడు. "మిషన్ల ఏమన్న తప్పున్నదేమో సూడక్కా. నేను మంచిగనే ఉన్న. నిన్న గూడ ఈదిన."

"మల్ల ఒకసారి జూద్దాం రా తమ్ముడూ," అంది భవిత.

మళ్ళీ పడుకోబెట్టారు. ఈసారి ముత్తయ్య అద్దం ఇవతల భవిత పక్కనే నిలబడి చూశాడు. టకటకలు ఆగాయి. తెర మీద పసుపు పరుచుకుంది. ముప్పై నాలుగు. మల్లేశం బయటికి వచ్చి వాళ్ళ మొహాలు చూశాడు. అడగవలసిన అవసరం లేకపోయింది. చొక్కా తొడుక్కోవడం మరిచి, చేతిలో పట్టుకునే గోడకు ఆనుకుని నిలబడిపోయాడు.

"రక్తం ఏడ దీస్తరు మామా?" అన్నాడు.

"ఈడనే. రేపు పొద్దుగాల ఏం తినకుండ రావాలె," అన్నాడు ముత్తయ్య. "అంగీ తొడుక్కో, సలి పెడతాంది. నేను గూడ వస్త తియ్."